ఆవిరి పట్టని పట్టు లీడరు: హిందూపురం నుంచి ధర్మవరం, తిరుగుదారిలో పెనుకొండ

పోయిన నెల బెంగళూరులోని ఒక చేపల వేట సంఘంవాళ్ళు నడిపే అంతర్జాల పత్రికలో ఒక ఫోటో చూశాను. ఒక అరచేతిలో పసుపుపచ్చని పట్టుతాడు, చిక్కుపడిన జడలా ముడులు ముడులుగా ముడుచుకుపోయి ఉంది. ఆ అరచేయి నాది. ఫోటో తీసి పదకొండేళ్ళయింది. కింద రాసిన వాక్యం మాత్రం కొత్తది: మన ఎండలకూ మన నీళ్ళకూ పట్టు లీడరు పనికిరాదని అనుభవంలో తేలిందట. సరిగ్గా ఆ వాక్యం కిందే, విదేశాల నుంచి తెప్పించిన నైలాను లీడరు రెండువేల ఎనిమిది వందలకు అమ్ముతామని ప్రకటన. ఎనిమిది అడుగుల దారానికి రెండువేల ఎనిమిది వందలు! ఆ సంఘం అధ్యక్షుడు చెరువు గట్టుకు వచ్చినప్పుడల్లా పద్దెనిమిది జేబుల కోటు వేసుకుని వస్తాడు. అన్ని జేబులున్నా సిగ్గు పెట్టుకోవడానికి ఒక్కటీ మిగిలినట్టు లేదు. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి కోపంతో అన్నం మానేస్తే బెంగళూరులో ఎవరికీ ఆకలి వేయదని మా ఆవిడ అంది. నిజమే కాబట్టి రాత్రికి తిన్నాను. తిని, ప్రయాణానికి సామాను సర్దుకున్నాను.

ఈ విద్య తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఫ్లై ఫిషింగ్ అంటే ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగును, నిజం పురుగు వాలినట్టు నీటి మీద వాల్చి చేపను పట్టడం. ఆ పురుగుకు బరువుండదు కాబట్టి దాన్ని విసరలేం. లావుపాటి తాడును విసరాలి, అది పురుగును మోసుకుపోవాలి. ఆ లావు తాడుకూ, పురుగును కట్టిన సన్నటి నైలాను పోగుకూ నడుమ ఉండేదే లీడరు. చెర్నాకోల చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పిడి దగ్గర లావు, కొసకు సన్నం, చేతిలో పుట్టిన ఊపు తెగకుండా కొసదాకా పోవాలి. ఒకే నైలాను పోగుతోనూ లీడరు చేస్తారు. అలా కాకుండా ఎన్నో సన్నపోగులను కలిపి, పలుపు పేనినట్టు పురిపెట్టి చేసేదాన్ని ఫర్ల్డ్ లీడరు అంటారు. పోగుల లీడరు మెత్తగా పోతుంది, పురుగును నీటి మీద దించుతుందే గాని పడేయదు. పట్టుతో చేస్తే ఇంకా మెత్తన. చుట్టూ ఇన్ని ఊళ్ళలో పట్టు తీస్తూ, నేస్తూ ఉంటే, హిందూపురంలో కూర్చుని నైలాను దారం కోసం విదేశాలకు డబ్బు పంపేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పదకొండేళ్ళ కిందట నేనూ ఓబులేసూ కలిసి ఒక పట్టు లీడరు చేశాం. మేమిద్దరం బెంగళూరులో ఒకే కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేశాం. నేను డ్రాయింగుల విభాగంలో, అతను లేతు మిషను మీద. ధర్మవరంలో పట్టుదారానికి పురివేసే ఇంట్లో పుట్టినవాడు. రిటైరయ్యాక అత్తగారి ఊరైన పెనుకొండలో ఇల్లు కట్టుకున్నాడు. నేను హిందూపురం చేరాను. లీడరు పేనడం మీద నా దగ్గర పద్నాలుగు ఇంగ్లీషు పుస్తకాలున్నాయి, అతనికి రెండు మంచి చేతులున్నాయి. హిందూపురంలోని ఒక షెడ్డులో మిషను మీద నుంచి అప్పుడే దించిన పట్టుదారం కొన్నాను. దాన్ని కొంచెం వదులు చేస్తే చాలు, బతికున్నదానిలా మెలికలు తిరిగేది. తాజా దారమని, ప్రాణమున్న దారమని మురిసిపోయాను. ఓబులేసు ఇంట్లో లీడరు పేనడం పూర్తయ్యాక అతను, "దీనికి ఆవిరి పట్టించల్లబ్బా" అన్నాడు. నా పద్నాలుగు పుస్తకాల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఆవిరి మాట లేదు. పాడైపోతుంది, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, లీడరును చెక్కకు బిగించి అక్కడే వదిలి వచ్చాను.

మరునాడు పెనుకొండ చెరువు దగ్గర సంఘంవాళ్ళు ఇరవై మంది చూస్తుండగా విసిరాను. రెండుసార్లు బాగానే పోయింది. నీళ్ళు బాగా పట్టాక మూడోసారి విసిరితే, మొదట చెప్పిన ఆ ఫోటోలోని ముద్దయింది. అందరూ నవ్వారు. రాత్రి నేను వెళ్ళిపోయాక ఓబులేసు నా మాట లెక్కచేయకుండా ఆవిరి పట్టి చెడగొట్టాడని అక్కడే అన్నాను. "పట్టలేదబ్బా" అని ఒకే ఒక్కసారి అన్నాడు, అంతే. నేను ఒక్కసారితో ఆగలేదు. ఇంటికి వచ్చి ఇదే బ్లాగులో, అతని పేరూ ఊరూ పెట్టి, స్నేహితుడి ద్రోహం అన్న శీర్షికతో రాశాను. ఆ సంఘంలో పిల్లలకు ముడులు వేయడం నేర్పే పని ఓబులేసు చేసేవాడు. నా రాత చదివిన తర్వాత వాళ్ళు అతన్ని మళ్ళీ పిలవలేదు. మేమిద్దరం మాట్లాడుకోనూ లేదు. ఈసారి నా ఆలోచన ఇది: ఆవిరి ఛాయలకు కూడా పోకుండా కొత్త పట్టు లీడరు చేయాలి, పెనుకొండ చెరువులోనే విసరాలి, అది తిన్నగా పోతుంటే ఓబులేసు చూడాలి, ఆ ఫోటో అధ్యక్షుడికి పంపాలి. ఇద్దరికీ ఒకే దెబ్బ. సాక్ష్యానికి పాత లీడరును బిస్కట్ల డబ్బాలో పెట్టి దాచే ఉంచాను. అదీ సంచిలో పెట్టుకున్నాను.

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఇల్లు వదిలాను. భుజాన గాలం కర్ర పెట్టిన గొట్టం, చేతిలో మడతపెట్టే ఏడడుగుల చెక్క, సంచిలో చేత్తో తిప్పే డ్రిల్లు. ముందు ఆ పాత షెడ్డు దగ్గరికే నడిచాను. షెడ్డు లేదు. ఆ స్థలంలో అద్దాల తలుపులతో పెళ్ళి ఫోటోల స్టూడియో ఉంది, గుమ్మం మీద రెండు ప్లాస్టిక్ హంసలున్నాయి. ఎదురుగా టీ కాచే అతన్ని అడిగాను.

"ఏమప్పా, ఇక్కడ పట్టుదారం మిషన్లు ఉండేవి కదా?"

"ఎప్పటి మాట సార్! మిషన్లు అమ్మేసి ఐదేండ్లయింది. ఇప్పుడు ఈడ పెండ్లిండ్ల ఫోటోలు తీస్తారు. మీరేమన్నా తీపించుకోవల్లనా?"

"ఈ వయసులో ఎవరి పక్కన నిలబడి?"

"ఆ గొట్టం ఉండాది కదా సార్. శానా ప్రేమగా పట్టుకోండారు."

పది రూపాయలకు టీ ఇచ్చి, పురివేసిన దారం కావాలంటే ధర్మవరం పోవాలని, అక్కడ వీధికి నాలుగు షెడ్లుంటాయని చెప్పాడు. పనికొచ్చే మాట కాబట్టి గొట్టం మీద పరిహాసాన్ని క్షమించాను. ధర్మవరానికి బస్సులూ ఉన్నాయి, రైళ్ళూ ఉన్నాయి. ఏడడుగుల చెక్క మడిచినా మూడున్నర అడుగులు, దానితో బస్సెక్కడం కష్టం కాబట్టి రైలే మేలు. పాసింజరు టికెట్టు ముప్పై రూపాయలు. ఏడున్నరకు రావలసిన బండి ఎనిమిదింబావుకు వచ్చింది. ఎందుకు ఆలస్యమని అడిగితే, కిటికీ వెనక ఉన్నతను అది నా తప్పన్నట్టు చూశాడు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు తెల్లవారుజామునే బయలుదేరితే ఇదే బండి అందుకోవచ్చు, ఆలస్యం మీకు కలిసివస్తుంది. దారిలో పెనుకొండ వచ్చింది. కొండ మీద కోటగోడలు ఎడమచేతి కిటికీలోంచి బాగా కనిపిస్తాయని గైడు పుస్తకాలు రాస్తాయి. నేను కుడిచేతి కిటికీలోంచి పల్లేరుకాయల బీడు చూస్తూ కూర్చున్నాను.

పదింటికి ధర్మవరంలో దిగి, స్టేషను బయట నలభై రూపాయలకు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బజ్జీలు వేడిగా ఉన్నాయి. ఈ ప్రయాణంలో అప్పటిదాకా నన్ను తిట్టుకోనివ్వని వస్తువులు అవే. ఆటో అతను అరవై రూపాయలు అడిగి, నేను ఏమీ చెప్పకముందే ఒక చీరల దుకాణం ముందు ఆపాడు.

"ఇక్కడెందుకు ఆపావు?"

"బయటూరోళ్ళందరూ చీరలకే వస్తారు సార్. అమ్మగారికా, కూతురికా?"

"చీర వద్దు. దారం కావాలి. పురివేసే షెడ్డుకు పోనీ."

"దారమెందుకు సార్?"

"చేపలు పట్టడానికి."

అతను బండి ఆపేసి వెనక్కి తిరిగాడు. "పట్టుదారంతో చేపలా! అవి కూరకొస్తాయా, పెండ్లికొస్తాయా?"

నేను నవ్వలేదు. అతనే ఇద్దరికీ సరిపడా నవ్వుకుని, మూడు సందులు తిప్పి ఒక రేకుల షెడ్డు ముందు దింపాడు. లోపల ఆరు మిషన్లు ఒకేసారి తిరుగుతున్నాయి. వందల బాబిన్లు, ఒక్కోదానికీ ఒక్కో పోగు. మాట వినపడాలంటే చెవి దగ్గరకు పోయి అరవాలి. షెడ్డు నడిపేది రత్నమ్మ అనే ఆవిడ. యాభై అయిదేళ్ళుంటాయి. తెగిన పోగులను నడుస్తూనే ముడివేస్తోంది, ముడివేసేటప్పుడు వేళ్ళ వంక చూడడం లేదు. మిషను మీదున్న దారమే కొంచెం కావాలని అడిగాను.

"మిషన్ మీదిది ఈలేను సామీ. ఆవిరి పట్టినంక ఇస్తా, రేపు రాండి."

ఆవిరి అన్న మాట వినగానే నాకు నషాళానికంటింది. "నాకు ఆవిరి పట్టింది వద్దు. అది దారాన్ని చంపేస్తుంది. నాకు ప్రాణమున్న దారం కావాలి."

"ప్రాణమా?" అని ఆమె ఒక బాబిన్ నుంచి మూరెడు దారం లాగి వదులు చేసింది. అది క్షణంలో పాముపిల్లలా చుట్టుకుపోయింది. "దీన్నా మీరు ప్రాణమనేది? ఇది పొగరు సామీ. ఆవిరి పెడితే దిగుతాది."

నేను డబ్బా తెరిచి పాత లీడరు ఆమె చేతిలో పెట్టాను. మంచి లీడరును ఓబులేసు అని ఒకడు రాత్రికి రాత్రి ఆవిరి పట్టి ఇలా చేశాడని, ఆ సంగతి అందరూ చదివేలా రాశానని కూడా చెప్పాను. ఆమె దాన్ని వెలుతురులోకి పట్టుకుపోయి, ఒక ముడిని గోటితో సడలించి చూసింది.

"దీనికి ఆవిరి పట్టలేదు."

"పట్టాడు. అందుకే చెడిపోయింది."

"పట్టింటే ఇట్లుండదు సామీ. ఆవిరి పడితే పురి అణిగి పడుకుంటాది. ఇది ఇంగా లేస్తానే ఉండాది, చూడండి."

నేను ఒప్పుకోలేదు. ఆమె వాదించలేదు. మిషను మీది దారం ఒక మూర, అలమరలో ఉన్న నిన్నటి దారం ఒక మూర తెంపింది. రెండూ ఒకే మిషనువి, ఒకే పురి. ఒకదానికి ఆవిరి పట్టారు, ఒకదానికి పట్టలేదు, అంతే తేడా. గ్లాసులో నీళ్ళు పోసి రెంటినీ ముంచి, తీసి, బండ మీద వేసింది. అలమరలోది గీత గీసినట్టు పడుకుంది. మిషను మీదిది మెలికపడి, మెలిక మీద మెలికపడి ఉండ చుట్టుకుంది. అచ్చం ఫోటోలో ఉన్నట్టు. పదకొండేళ్ళుగా ఆ ఆకారాన్ని నేను రోజుకొకసారైనా తలుచుకున్నాను కాబట్టి గుర్తుపట్టడానికి ఆలస్యం కాలేదు.

"ఏ పుస్తకంలోనూ ఆవిరి సంగతి లేదు" అన్నాను. ఆ మిషన్ల చప్పుడులో ఆ మాటను రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఆ పుస్తకాలోళ్ళు దారం యాడ కొంటారు?"

"అంగట్లో."

"అంగట్లోకి వచ్చే దారం ఆవిరి పట్టకుండా వస్తాదా సామీ? వాళ్ళకు చెప్పే పనిలేదు, చెప్పలేదు. మిషన్ కాడికి పోయి పచ్చిది పట్టుకపోయినోళ్ళు మీరే."

పద్నాలుగు పుస్తకాలు, ఒక్కోటి మూడేసిసార్లు చదివాను. వాటిలో ఏమి రాశారో చూశాను గాని, ఏమి రాయనక్కర్లేదనుకున్నారో చూడలేదు. ఆ రచయితల మీద మండిపడ్డాను, ఆ క్షణానికి అందుబాటులో ఉన్నవాళ్ళు వాళ్ళే. రత్నమ్మ ఇంకో ప్రశ్న వేసింది.

"ఆ చెడిపినాడంటిరే, ఆయప్పది ఏ ఊరు?"

"ఈ ఊరే. పురివేసే ఇల్లు."

"పురి ఇంట్లో పుట్టినోడు ఆవిరి పట్టి దారం చెడిపినాడని రాసినారా? చదివినోళ్ళు నవ్వలేదా?"

"చదివినవాళ్ళకు దారం గురించి తెలియదు."

"రాసినాయనకూ తెలీదు" అని, తెగిన పోగు ముడివేయడానికి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి తిరిగి వచ్చేయవచ్చు. కాని వచ్చిన పని వచ్చిన పనే. అలమరలోని దారం నూట ఎనభై రూపాయలకు ఒక చిన్న బాబిన్ కొన్నాను, పది లీడర్లకు సరిపోతుంది. షెడ్డు పక్క వరండాలో చెక్క విప్పి మేకుల చుట్టూ పోగులు పోశాను. పద్ధతి ఇది: చెక్క పొడుగునా రెండు వరసల మేకులుంటాయి, రెండు వరసలూ సన్నకొస దగ్గర ఒకే మేకుకు కలుస్తాయి. లావుకొస దగ్గర పన్నెండు పోగులతో మొదలుపెట్టి, మేకు మేకుకూ తగ్గించుకుంటూ, చివరికి నాలుగు పోగులకు తేవాలి. తర్వాత ఒక్కో వరసనూ డ్రిల్లు కొక్కేనికి తగిలించి ఒకే వైపుకు పురితిప్పాలి. ఏడడుగుల వరస ఆరుంబావు అడుగులకు కుదించుకుపోయేదాకా తిప్పితే చాలు. ఆపైన రెండు కొసలనూ ఒకే కొక్కేనికి వేసి వెనక్కి తిరగనిస్తే, రెండు వరసలూ వాటంతటవే ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. రెండు చివరలా చిన్న ఉచ్చులు మిగులుతాయి. తాడును ఒకదానికి, నైలాను పోగును రెండోదానికి కట్టుకోవాలి. నాకు గంటన్నర పట్టింది. రత్నమ్మ రెండుసార్లు వచ్చి చూసి, పోగులు సమానంగా బిగించలేదని రెండుసార్లూ విప్పించింది.

పేనిన లీడరుకు కూడా కొత్త పురి పడింది కాబట్టి మళ్ళీ ఆవిరి పట్టాలని చెప్పింది. ఖాళీ బాబిన్‌కు బిగుతుగా చుట్టి, మూతపెట్టే అల్యూమినియం డ్రమ్ములో, నీళ్ళకు జానెడు పైన ఇరవై నిమిషాలు ఉంచింది. తీశాక విప్పబోతే నా చేతి మీద కొట్టింది. చల్లారేదాకా విప్పకూడదట. ఆ అరగంటలో పక్క వీధిలో తొంభై రూపాయలకు రాగిసంకటి, చెనిక్కాయల చట్నీ తిని వచ్చాను. ఆవిరికి ఎంత ఇవ్వాలని అడిగితే, "ఆ ఓబులేసును అడుగుపోండి ఎంతని" అంది. పేరు మరిచిపోలేదు.

రెండు ముప్పావుకు హిందూపురం బస్సెక్కాను. అది పెనుకొండ మీదుగానే పోతుంది. కండక్టరు ఎక్కడికని అడిగితే హిందూపురం అన్నాను. నూట ఇరవై రూపాయలు. నేను పెనుకొండలో దిగదలుచుకోలేదు. అధ్యక్షుడి మీద కోపం ఎక్కడికీ పోలేదు, అది ఇప్పటికీ ఉంది, న్యాయమైనదే. ఒక్క ముద్దను చూసి పట్టు పనికిరాదని తేల్చినవాడు, పక్కనే తన సరుకు ప్రకటన పెట్టుకున్నవాడు, అతన్ని నేను ఈ జన్మకు వదలను. కాని ఓబులేసు మీద కోపానికి కాళ్ళు విరిగిపోయాయి. దాన్ని లేపి నిలబెట్టడానికి గంటసేపు ప్రయత్నించాను. ఒక్కసారే ఎందుకన్నాడు, పదిసార్లు ఎందుకనలేదు? నా చేయి పట్టుకుని గ్లాసులో దారం ముంచి ఎందుకు చూపించలేదు? రత్నమ్మ చూపించింది కదా? ఇలా వాదించుకుంటూ ఉండగా పెనుకొండ స్టాండు వచ్చింది, నేను లేచి దిగాను.

"పెద్దాయనా, టికెట్టు హిందూపురం దాకా ఉండాది" అని కండక్టరు అరిచాడు.

"ఉండనీ."

కొండ కింది పాతవీధిలో ఓబులేసు ఇల్లు స్టాండు నుంచి నడిచే దూరమే. అరుగు మీద కూర్చుని ఎవరిదో మిక్సీ విప్పుకుని ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవలేదు.

"ఎవురూ? పుస్తకాల సామివా? దారి తప్పినావా?"

కొత్త లీడరు అతని చేతికిచ్చాను. అతను చేతులకున్న గ్రీజు లుంగీకి తుడుచుకుని, లీడరును ఒక కొస నుంచి రెండో కొసదాకా బొటనవేలి కింద నడిపించాడు. కళ్ళు వీధిలో ఉన్నాయి.

"ఆవిరి పట్టించినావు."

"పట్టించాను."

"ఎవురు చెప్పినారు?"

"ధర్మవరంలో రత్నమ్మ అని, షెడ్డు ఆవిడ."

"ఆయమ్మ చెప్తే ఇన్నావు. నేను చెప్తే ఇనలే."

"నువ్వు ఆ రోజు కొంచెం గట్టిగా చెప్పి ఉంటే..."

"గట్టిగా చెప్పేదా? నీకా? పద్నాలుగు పుస్తకాలు అడ్డం పెట్టుకోని కూచోంటివి, నా మాట యాడ దూరల్ల?" అతను మిక్సీ గిన్నెను పక్కకు నెట్టాడు. "ఆ రాత్రి మా ఇంటామె ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు మరుగుతాండాయి. ఇరవై నిమిషాల పని. నేనే దించమంటి. వాని వస్తువు, వాడు ముట్టుకోవద్దన్యాడు, ముట్టుకునేది లేదంటి. ఆవిరి పట్టింటే నిలబడుతుండె. నీ మాట నిలబెట్టినందుకు నన్ను ద్రోహివని రాస్తివి."

లోపలి నుంచి అతని భార్య గొంతు వినిపించింది. "కాఫీ పెట్టేదా, తరిమేదా?"

"ముందు పెట్టు. తర్వాత చూస్తాం" అన్నాడు ఓబులేసు.

అయిదింటికి ఆటోలో చెరువు దగ్గరకు వెళ్ళాం, ఎనభై రూపాయలు. చేపల హక్కు వేలంపాటలో పాడుకున్నవాళ్ళు తూము దగ్గర వలలు ఆరేస్తూ ఉంటారు, వాళ్ళను అడగకుండా నీళ్ళలో ఏదీ వేయకండి. మేం అడిగాం, పట్టిన చేపను మళ్ళీ వదిలేస్తామన్నాం. మరి పట్టేదెందుకని అడిగారు. కర్ర బిగించి, లావు తాడుకు లీడరు తగిలించి, కొసకు చీమంత పురుగు కట్టి ఓబులేసుకే ఇచ్చాను. పదకొండేళ్ళుగా కర్ర పట్టలేదన్నాడు. మొదటిసారి గడ్డిలో పడింది, రెండోసారి అతని టోపీకే తగులుకుంది. మూడోసారి తాడు వెనక్కి పోయి, ముందుకు వచ్చి, లీడరు గాలిలో చాప విప్పినట్టు విప్పుకుని, పురుగు ఎక్కడ దిగిందో ఒక చిన్న వలయం చూస్తే తప్ప తెలియలేదు. ముప్పైసార్లు విసిరాడు. లెక్కపెట్టాను, అలవాటు. లీడరు పూర్తిగా తడిసింది. ఒక్క మెలిక పడలేదు. అరచేయంత జిలేబీ చేప ఒకటి పడింది, దాన్ని తడిచేత్తో పట్టి వదిలేశాడు.

నేను ఫోను తీసి, అతని చేతిలో తిన్నగా వేలాడుతున్న లీడరును ఫోటో తీయబోయాను. ఆ అధ్యక్షుడికి రాత్రికే పంపుతానన్నాను.

"వానికి పంపేది తర్వాత. నా పేరు యాడ రాసినావో ఆడ రాయి ముందు."

"ఆ పాత రాత తీసేస్తాను."

"తీసేయొద్దు. తీసేస్తే అది చదివినోళ్ళకు ఎట్ల తెలుస్తాది? అట్లే ఉండనీ. దాని కిందనే రాయి." తాడు చుట్టడం మొదలుపెట్టాడు. "పోయినేడు మా మనమరాలు ఫోన్లో నా పేరు కొట్టి చూసినాది. ద్రోహం అని వచ్చింది. తాతా, నువ్వేం జేస్తివని అడిగింది. దారం సంగతని చెప్తి. దానికి అర్థం కాలే. నవ్వేసి పాయ. అప్పటినుంచి ఇంగోసారి అడగలే. అడిగితే బాగుండు."

ఏడింటి బస్సుకు నన్ను ఎక్కించడానికి స్టాండుదాకా వచ్చాడు గాని, మళ్ళీ రమ్మని అనలేదు. యాభై రూపాయలు పెట్టి ఇంకో టికెట్టు కొన్నాను. ఎనిమిదింబావుకు ఇంట్లో ఉన్నాను. నా జీవితంలో చాలామంది నాకు అన్యాయం చేశారు. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి, వాటిలో చాలావరకు ఇప్పటికీ సరైనవేనని నా నమ్మకం. కాని ఆ పట్టికలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే పెద్ద అక్షరాలతో పదకొండేళ్ళు ఉంచిన పేరు తప్పు. అంత చదివినవాణ్ణి ఒక్క గ్లాసు నీళ్ళు తెచ్చి ఒక్క మూర దారం ముంచి చూడలేదు. చూస్తే కోపం పోతుందని భయపడ్డానేమో. కాబట్టి, పాత రాత ఉన్నచోటే ఉంది, దాని కింద ఈ రాత లంకె ఇచ్చాను, ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను: పెనుకొండ ఓబులేసు ఆ రాత్రి లీడరుకు ఆవిరి పట్టలేదు. పట్టి ఉంటే అది చెడిపోయేది కాదు. దాన్ని చెడగొట్టింది నేను, అతని పేరు చెడగొట్టింది కూడా నేనే. ఓబులేసు మనమరాలా, ఎప్పుడైనా నువ్వు మళ్ళీ ఆ పేరు కొట్టి చూస్తే, ఇదీ కనిపిస్తుంది. ఇది చదివి మీ తాతను ఇంకోసారి అడుగు.

పట్టు లీడరు చేయబోయేవాళ్ళకు ఒక సూచన: పేనిన లీడరును ఖాళీ బాబిన్‌కు బిగుతుగా చుట్టి, ఇడ్లీపాత్రలో నీళ్ళు తగలకుండా పై ప్లేటులో ఇరవై నిమిషాలు ఆవిరి పట్టండి, పూర్తిగా చల్లారాకే విప్పండి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు చెప్పినవాడు ఓబులేసు, పదకొండేళ్ళ కిందట.